కుక్కరమ్మ పాపసంకీర్తనం

ఆస్పత్రి లాండ్రీలో అందరూ ఆమెను కుక్కరమ్మ అంటారు, ఎదురుగా కాదు లెండి. ప్రెషర్ కుక్కర్‌లా మూడో కూత వేసిందంటే ఎంతటివాళ్లయినా పక్కకు తప్పుకోవాల్సిందే. దుప్పటి అంచులు కలపకుండా మడతపెట్టినవాళ్ల మీద, సబ్బు ఎక్కువ పోసినవాళ్ల మీద, ఆఖరికి ఇస్త్రీ మిషను మీద కూడా అరిచేది. ఎడమవైపు నుంచి పిలిస్తే మాత్రం పలికేది కాదు. ఆ చెవి వినపడదు.

పదకొండో ఏట మెట్ల మీంచి పడిందని అందరికీ తెలుసు. అది అమ్మ అల్లిన అబద్ధం. నిజానికి ఆ రోజు నాన్న, ఆదివారం చర్చిలో చదవాల్సిన బైబిలు పఠనాన్ని ఇంట్లో గట్టిగా వల్లె వేస్తూ ఒక మాట దగ్గర తడబడ్డాడు. పిల్ల కిసుక్కున నవ్వింది. అంతే, చెవి మీద ఛెళ్లుమంది. మర్నాడు ఆ పెద్దమనిషి అదే చేత్తో గ్రంథం పట్టుకుని పఠనం చదివాడు. అప్పట్నుంచీ ముప్ఫై ఏళ్లుగా చదువుతూనే ఉన్నాడు. "మీ నాన్నగారు దేవుడిలాంటి మనిషమ్మా" అంటారు జనం. పైన పటారం, లోన లొటారం అని అరవాలనిపించేది ఆమెకు. అక్కడ అరవలేక, ఆ కోపమంతా లాండ్రీలో వెళ్లగక్కేది.

పూజలో ఒకరికొకరు సమాధానం, అంటే శాంతి, చెప్పుకుంటూ చేతులు కలిపే వేళ, నాన్న ముందు బెంచీలోంచి వెనక్కి తిరిగి చెయ్యి చాపేవాడు. నలుగురూ చూస్తారని ఆమె పట్టుకునేది. కన్నతండ్రిని క్షమించలేనిదాన్ని ఏ మొహం పెట్టుకుని వెళ్తాననుకుని, ఫాదర్ పంచే సత్ప్రసాదపు అప్పానికి మాత్రం లేచేది కాదు. అలా పదేళ్లు. ప్రతి శనివారం ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనంలో అదే పాట: "నాన్న మీద కోపం, ఫాదర్." తల్లిదండ్రులను గౌరవించాలమ్మా అని పాత ఫాదర్ మూడు పరలోక జపాలు చెప్పించి పంపేసేవాడు. కాలు విరిగితే తలకు కట్టు కట్టినట్టు!

కొత్తగా వచ్చిన ఫాదర్ మాత్రం కోపం ఎందుకని అడిగాడు. అంతా విన్నాడు.

"ఇన్నేళ్లూ నువ్వు చెప్పుకుంటున్నది నీ పాపం కాదమ్మా, ఆయనది. నీ కోపంతో నువ్వెవర్నైనా బాధపెడితే అది చెప్పు. కౌన్సిలింగ్ చేసే సిస్టర్ దగ్గరికి కూడా వెళ్లు."

సిస్టర్ గదిలో రెండు కుర్చీలు, ఒక ఫ్యాను. ఎడమ చెవి వినపడదనగానే ఆవిడ తన కుర్చీని కుడివైపుకి లాక్కుని కూర్చుంది. ఆ ఒక్క పనికే కుక్కరమ్మకు ఏడుపు ఆగలేదు. ఎనిమిది నెలలు ఆ గదిలో అరిచింది, దేవుణ్ణి కూడా తిట్టింది. "ఆయన వింటాడులే, ఇంకా ఉంటే చెప్పు" అనేది సిస్టర్. లాండ్రీలో కూతలు తగ్గాయి.

"నాన్నని క్షమించాలా, సిస్టర్?"

"అది తర్వాత చూద్దాం. ముందు లేని సమాధానం ఉన్నట్టు నటించడం మానెయ్యి."

ఆ ఆదివారం నాన్న ఎప్పట్లాగే తిరిగి చెయ్యి చాపాడు. ఆమె చేతులు కదల్లేదు.

"చెయ్యివ్వమ్మా, అందరూ చూస్తున్నారు."

"చూడనివ్వండి. నా చెవి పోగొట్టింది మెట్లు కాదు నాన్నా, మీరు. మీ పాపం మీ బదులు నేను చెప్పుకోవడం మానేశాను. ఇక మీరే చెప్పుకోండి."

గట్టిగా అనలేదు కానీ చుట్టుపక్కల వాళ్లకు వినబడింది. లోపల కోపం ఇంకా కుతకుతలాడుతూనే ఉంది. అయినా లేచి సత్ప్రసాదం వరుసలో నిలబడింది.

వరుస కదిలి నాన్న బెంచీ పక్కకు వచ్చింది. ప్రతి వారం సత్ప్రసాదానికి అందరికంటే ముందు లేచే మనిషి, ఆవేళ లేవలేదు.