ఎండిన రేగడి అంకె

అమ్మ పోయిన నాలుగో రోజే నంద్యాల ల్యాబుకు వచ్చి హాజరు సంతకం పెట్టాను. ఏడుపు రాలేదు. గట్టివాడన్నారు అందరూ. గట్టీ లేదు, గాడిద గుడ్డూ లేదు. ఆ వేసవంతా నిమ్మకు నీరెత్తినట్టు తిరిగానంతే.

నేల వేడిని ఎంత అడ్డుకుంటుందో కొలవడం నా పని. భూమిలో పాతే కరెంటు కేబుల్ వేడెక్కుతుంది. ఆ వేడిని నేల పోనివ్వకపోతే కేబుల్ మాడిపోతుంది. తడి రేగడి పోనిస్తుంది, ఎండిన రేగడి పట్టి ఉంచుతుంది. అందుకే మండుటెండల్లో గుంత తీసి, జానెడు సూది గుచ్చి, దాన్ని వేడి చేసి అంకె చూస్తాం. నేనైతే సూదికి ముందే మట్టిగడ్డ నలిపి అంకె ఊహిస్తాను.

ఆళ్లగడ్డ అవతల, కేబుల్ పాతబోయే ఒక చేనిలో గడ్డ నలగలేదు, వేళ్లకు అంటుకుంది. మే నెలలో తడి!

"ఎవురు నీళ్లు పోసింది?" అని చేను గల పెద్దాయన మీద అరిచాను.

"నేనేప్పా, దినామూ పోస్తాండా." పది అడుగుల దూరంలో, గట్టు మీదున్న సమాధి చూపించాడు. "మా ఇంటామె. ఆమెకు ఎండ పడదు."

ఆ నీళ్లే పల్లానికి జారి నా గుంత దాకా వచ్చాయి.

"వారం దినాలు పోయొద్దు పెద్దాయనా. కొలత తప్పుతాది."

జాలి పడాల్సిన చోటని తెలుసు. పడలేదు. జీపెక్కి వచ్చేశాను.

వారం తర్వాత వెళ్తే రేగడి బొటనవేలు దూరేంత పగుళ్లిచ్చింది. పెద్దాయన సమాధి పక్కన బిందె బోర్లించుకుని కూర్చున్నాడు. రోజూ వచ్చి ఊరికే కూర్చుని పోయాడట. సూది గుచ్చాను. అంకె బాగా ఎక్కువ, నేను ఊహించినంతే. రాసుకున్నాను.

"ఆ తీగె వేడి ఆమెదాంకా వస్తాదాప్పా?"

"అంత దూరం రాదు. నీళ్లు పోస్తాంటే అసలే రాదు. ఇంక పోసుకో."

మాట పూర్తికాకముందే బోరు దగ్గరికి పోయి బిందె నింపుకొచ్చాడు. తలవైపు మొదలుపెట్టాడు.

"ఈడ ముందు పోయాల. ఆమెకు ఎండ తలకెక్కేది."

మా అమ్మ సమాధి డోన్‌లో ఉంది. ముప్పై ఏళ్లు ఆమెతో ఒకే ఇంట్లో ఉన్నాను. ఆమెకు ఎండ పడేదో లేదో నాకు తెలియదు.