కొత్త రౌటర్ కోసం బేరం

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో బెజవాడలో నెట్‌వర్కింగ్ నేర్చుకునేవాణ్ణి. సార్ మెచ్చుకోళ్లన్నీ మా క్లాసులోని ఉయ్యూరు సుజాతకే దక్కుతుంటే నాకు కడుపు మండేది. ల్యాబ్ ఉద్యోగానికి మా ఇద్దరికీ పోటీ పెట్టారు.

“కేబుల్‌తో కలిపిన ఈ రెండు రౌటర్ల మధ్య వేగం ఎవరు ముందు సెట్ చేస్తే వాళ్లదే ఉద్యోగం. ఎవరికేది కావాలో మీరే తేల్చుకోండి” అన్నారు సార్.

బట్టల కొట్టువాళ్ల పిల్లాణ్ణి కదా, బేరమాడి కొత్త రౌటర్ దక్కించుకుని, పాతది సుజాతకు అంటగట్టాను. తీరా ఎంత టైపు చేసినా నా రౌటర్ ఒప్పుకోదే! ఆమె ఒక్క లైను కొట్టింది. లింకు కలిసింది.

“కేబుల్ మీద రాసుంది చూళ్లేదాండీ? వేగం ఒక్క కొస నుంచే ఇవ్వగలం, ఆ కొస నా పాత రౌటర్ వైపుంది. ఏరికోరి మీరే ఇచ్చారుగా!” అంది నవ్వుతూ.

కొట్లో చీర కొంగులు విప్పి చూపించే నేను, కేబుల్ కొస చూసుకోలేదు. బేరమాడి తెచ్చుకున్న నా రౌటర్ కూడా ఆమె చెప్పిన వేగానికే బుద్ధిగా నడిచింది. ఆ కుళ్లు ఇంకా తగ్గలేదు.