సముద్రం పిలిచిన హిపొలిత్ గారు

హిపొలిత్ గారికి ఉన్నది ఒక్కటే జబ్బు. డిసెంబరు ఆఖరి పనిరోజు రాగానే ఉద్యోగానికి రాజీనామా ఇచ్చేస్తారు. చలికాలంలో కొందరికి మోకాళ్ళు పట్టేస్తాయి, కొందరికి గొంతు పట్టేస్తుంది, ఈయనకు రాజీనామా పట్టుకుంటుంది. మందూ మాకూ అక్కర్లేదు. మార్చి నెలాఖరుకు దానంతటదే తగ్గిపోతుంది.

క్రిస్మస్ చెట్టుకు వేలాడదీసే గాజుబొమ్మల కార్ఖానా అది. బొమ్మలకు ముఖాలు దిద్దేవాళ్ళు ఇద్దరే, హిపొలిత్ గారూ, సబీనా. అక్కడ పాత పనివాళ్ళు మానేయాలంటే మూడు నెలల నోటీసు ఇవ్వాలి. నెలలో ఏ రోజున ఇచ్చినా లెక్క మొదలయ్యేది పై నెల ఒకటో తేదీ నుంచే కాబట్టి, బుర్ర ఉన్నవాడెవడైనా నెలాఖరు దాకా ఆగి ఇస్తాడు. మిగతా విషయాల సంగతి ఎలా ఉన్నా, ఈ ఒక్క విషయంలో హిపొలిత్ గారికి బుర్ర దివ్యంగా పనిచేసేది.

"ఈసారి ఏమొచ్చింది?" అనేది ఆఫీసులో కాగితాలు చూసే లుద్వికా, కళ్ళద్దాలు పైకి కూడా ఎత్తకుండా.

"సముద్రం పిలుస్తోందమ్మా. గ్దీనియా రేవుకు వెళ్ళి చేపలు వేయించే కొట్టు పెడుతున్నా."

"చేప వాసనొస్తే మీకు కడుపులో తిప్పుతుంది కదా. పండగనాడు కార్ప్ చేప ముక్క వడ్డిస్తే బల్ల మీంచి లేచిపోతారట."

"తినేది నేనా ఏంటి? కొనుక్కునేవాళ్ళు తింటారు."

మార్చిలో సముద్రం పిలవడం మానేసింది. మరుసటి ఏడు తేనెటీగలు పిలిచాయి. ఆ పై ఏడు ఏకంగా దేవుడే పిలిచాడు, మఠంలో చేరిపోతానన్నారు. ఆ కబురు విని ఆయన భార్య బ్రోన్యా గారు ఆఫీసుకు వచ్చారు. ఏడవడానికి వచ్చారేమోనని లుద్వికా కుర్చీ వేసింది. ఆవిడ కూర్చోలేదు. "మఠం వాళ్ళు ఏ తారీఖున తీసుకెళ్తారో కాస్త కనుక్కుని చెబుతావా అమ్మా? అల్మారా ఖాళీ చేయించాలి," అని అడిగి వెళ్ళిపోయారు.

మానేసేవాళ్ళు ఆఖరి రోజున అందరికీ చీజ్‌కేక్ తెచ్చిపెట్టడం కార్ఖానా ఆచారం. హిపొలిత్ గారు ఏ లోటూ చేయకుండా తెచ్చేవారు. జనం కూడా ఏ లోటూ చేయకుండా తిని, చేయి ఊపి, "వెళ్ళిరండి" అని మర్యాదగా సాగనంపేవారు. మర్నాడు పొద్దున్నే ఆయన అదే కుర్చీలో కూర్చుని అదే కుంచె కడుక్కుంటుంటే ఎవరూ ఆశ్చర్యపోయేవారు కాదు.

అందరూ నవ్వుకున్నా సబీనాకు మాత్రం ఇది నవ్వులాట కాదు. పండగ సరుకు లారీ కదిలిన మర్నాడు యజమాని జెనాన్ గారు ముఖాల గదిలోకి వచ్చి, "చలికాలంలో దీనికి ఇద్దరెందుకు?" అని నిట్టూర్చి, ఆఖరున చేరిన సబీనా వైపు చూసేవారు. ఇంట్లో ఇద్దరు పిల్లలు, సంపాదన ఆమె ఒక్కతెదే. ఆ చూపుకు ఆమెకు అన్నం సయించేది కాదు. ఇంతలో హిపొలిత్ గారి రాజీనామా వచ్చిపడేది. ఒకరు ఎలాగూ పోతున్నారు కదా అని యజమాని ఊరుకునేవారు. మార్చిలో ఈయన మనసు మార్చుకోగానే సబీనాకు ఒళ్ళు మండిపోయేది. ఈ పెద్దమనిషి ఒకసారి నిజంగా పోతే తన గుండెదడ శాశ్వతంగా తగ్గిపోతుంది కదా అని ఆమె బాధ.

"మీరు నిజంగా వెళ్ళేదెప్పుడండీ?" అని ఒకసారి ఉండబట్టలేక అడిగేసింది కూడా.

"వెళ్దామనే అనుకున్నానమ్మాయ్. తీరా చూస్తే తేనెటీగలు కుడతాయట, ఎవరూ చెప్పనేలేదు."

ఈసారి జెనాన్ గారి అల్లుడు నోర్బెర్ట్ చేతికి కార్ఖానా వచ్చింది. అతనికి కార్మిక చట్టం కంఠోపాఠం. డిసెంబరులో హిపొలిత్ గారు పెళ్ళిళ్ళలో అకార్డియన్ వాయించుకుని బతుకుతానని నోటీసు ఇస్తే, ముద్ర వేసి తీసుకున్నాడు. మార్చి ఆఖరి రోజున, అకార్డియన్ మోస్తుంటే నడుం పట్టేస్తోందని చెప్పి వెనక్కి తీసుకోబోతే, తల అడ్డంగా ఊపాడు.

"ఇచ్చిన నోటీసు వెనక్కి తీసుకోవాలంటే యజమాని ఒప్పుకోవాలండీ. నేను ఒప్పుకోవడం లేదు. ఈ రోజుతో మీ పని అయిపోయింది."

హిపొలిత్ గారు ముందు నవ్వారు. అవతలివాడు నవ్వకపోయేసరికి ఆపేశారు. పింఛనుకు ఇంకా నాలుగేళ్ళుంది, ఆ వయసులో గాజుబొమ్మలకు కళ్ళు దిద్దేవాడికి పని ఎవరిస్తారు? గదిలోకి వచ్చి, పండక్కి కానుకలు తెచ్చే నికోలాస్ తాత బొమ్మకు మూతి దిద్దబోతే, అది కిందికి వంకరపోయింది.

సబీనాకు గుండెదడ తగ్గింది. తగ్గినందుకు కొంచెం సిగ్గు కూడా వేసింది. లుద్వికా వచ్చి తలుపు దగ్గర నిలబడింది.

"ఇక హాయిగా ఉందా తల్లీ?"

"నేనేమైనా పొమ్మన్నానా? నోటీసు ఆయనే ఇచ్చుకున్నాడు."

"మార్చికల్లా మనకేమొస్తాయి?"

"ఆర్డర్లు."

"ఆర్డర్లొస్తే నిన్ను తీసేస్తారా?"

"ఎలా తీస్తారు? ఇద్దరం చేసినా తెమలదు."

"డిసెంబరులోనో?"

సబీనా చేతిలో కుంచె ఆగిపోయింది.

"నువ్వు రాకముందు ఆయన ఇక్కడ ఇరవై ఏళ్ళు పనిచేశాడు," అంది లుద్వికా. "ఒక్క రాజీనామా ఇచ్చిన పాపాన పోలేదు. నువ్వు చేరిన ఏడాదే పట్టుకుంది ఈ జబ్బు. మార్చి దాకా నీ కుర్చీకి కాపలా కాసి, ఆర్డర్లు రాగానే రాజీనామా వెనక్కి తీసుకునేవాడు. నువ్వేమో ఆయన్ని ఎప్పుడు పోతారని అడుగుతావు."

సబీనా గిరుక్కున తిరిగింది. హిపొలిత్ గారు కుంచెలు గుడ్డలో చుట్టుకుంటున్నారు.

"నాతో ఒక్క మాట చెప్పొచ్చు కదండీ?"

"చెబితే వద్దంటావు. వద్దన్నాక ఇస్తే మర్యాదగా ఉండదు," అన్నారాయన. "అయినా అన్నీ అబద్ధాలు కాదమ్మాయ్. మఠం సంగతి మాత్రం సగం నిజమే. మా ఆవిడతో ఉండి చూస్తే నీకూ తెలుస్తుంది."

ఆమెకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ముక్కు తుడుచుకుని, లుద్వికా దగ్గర ఒక తెల్ల కాగితం అడిగి తీసుకుంది. నిలబడే రెండు వాక్యాలు రాసి, తిన్నగా నోర్బెర్ట్ గదిలోకి వెళ్ళి బల్ల మీద పెట్టింది.

"ఏంటిది?"

"నోటీసు సార్. ఇవాళ నెలాఖరు కదా, జూన్ ఆఖరుకి మానేస్తాను."

"మానేసి ఎక్కడికెళ్తావు?"

"కొండల్లో గొర్రెలు కాసుకుంటాను."

నోర్బెర్ట్ గోడమీది కేలండర్ వైపు చూశాడు. జూలై, ఆగస్టు, సెప్టెంబరు, ఊపిరాడనంత పని. అన్ని నికోలాస్ తాతలూ ముఖాలు లేకుండా తన వైపే చూస్తున్నట్టు అనిపించిందేమో, కాలర్ వదులు చేసుకున్నాడు.

"ఇద్దరూ పోతే ముఖాలెవరు దిద్దుతారు?"

"దిద్దకుండానే పంపండి సార్. ఈస్టర్ పండక్కి పెట్టే రంగు గుడ్లని చెప్పి అమ్ముకుంటారు."

చట్టంలో దీనికి మందేమీ ఉన్నట్టు లేదు. నోర్బెర్ట్ లేచి తలుపు తీసి, గట్టిగా పిలిచాడు.

"హిపొలిత్ గారూ, ఇలా రండి. మీ నోటీసు వెనక్కి తీసుకోండి, నేను ఒప్పుకుంటున్నాను. రేపటి నుంచి మామూలుగా పనిలోకి రండి." తరవాత సబీనా వైపు తిరిగి, గొంతు తగ్గించాడు. "మరి నీ సంగతేంటమ్మా? నువ్వూ వెనక్కి తీసుకున్నట్టేనా?"

"అంత తొందరేముంది సార్? జూన్ దాకా టైముంది కదా, ఆలోచించుకుని చెబుతాను," అని సబీనా తన కుర్చీ దగ్గరికి వెళ్ళిపోయింది.