తల వంచుకుని తీసిన ఫొటోలు

ఆ రోజుల్లో నాకు రెండు గట్టి నమ్మకాలుండేవి. ఒకటి, మంచి ఫొటో అంటే బరువైన కెమెరాతో తీసిందేనని. రెండు, తాడేపల్లిగూడెంలో మా మావయ్య స్టూడియోలో స్టూలు మీద జనాన్ని కూర్చోబెట్టి, "గడ్డం కాస్త దించండి" అంటూ పాస్‌పోర్టు ఫొటోలు తీసుకు బతకడానికి నేను పుట్టలేదని. మొదటిది తప్పని తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది. రెండోదాని సంగతి ఇప్పటికీ తేల్చుకోలేదు.

గూడెంలోనూ తణుకులోనూ చీరల కొట్లున్న పెద్దమనిషొకాయన (ఏనాడూ రూపాయి తగ్గించి ఎరగరు గనక ఊరంతా ఆయన్ని డిస్కౌంటుగారు అనేవారు) ఏలూరులో మూడో కొట్టు తెరుస్తూ, దాని ముందు కట్టే పెద్ద ఫ్లెక్సీకి ఫేషన్ ఫొటోలు కావాలన్నారు. నచ్చితే మూడు కొట్ల పనీ నాదే. నచ్చకపోతే మావయ్య స్టూడియో ఎలాగూ ఉంది. మామూలు కెమెరాతో తియ్యరా అని మావయ్య చెబుతూనే ఉన్నాడు, నేను చెన్నై రైలెక్కేశాను. అక్కడ పాత కెమెరాలమ్మే కొట్లో మీడియం ఫార్మాట్ కెమెరా ఒకటి చూసి మనసు పారేసుకున్నాను. ఇటుకంత బరువు, ఫిల్ము చుట్టకి పన్నెండే ఫొటోలు. దాన్ని కంటికి ఆనించి చూడరు. బొడ్డు దగ్గర పట్టుకుని, తల వంచి, పైనున్న గాజు పలకలోకి చూడాలి. అలా చూస్తే కుడి ఎడమలు తారుమారవుతాయనీ, తిన్నగా కనబడాలంటే ప్రిజమ్ అని ఇంకో తలకాయ తగిలించుకోవాలనీ కొట్టతను ఓపిగ్గా చెప్పాడు. ఆ ప్రిజమ్ కొంటే, బ్యాటరీతో ఎక్కడైనా వెలిగే పెద్ద ఫ్లాష్ లైటు కొనలేను. నేను ఎటూ తేల్చుకోలేకుండా ఉంటే అతను లైటు ఒకసారి వెలిగించి చూపించాడు. కొట్టంతా తెల్లబడిపోయింది. కుడి ఎడమల సంగతి నా బుర్రలోంచి అప్పుడే ఎగిరిపోయింది. లైటు కొనుక్కుని వచ్చాను.

ఫొటోలకి డిస్కౌంటుగారి అన్నగారమ్మాయిని ఒప్పించారు. చేపల చెరువుల నీళ్ళు పరీక్షించే ల్యాబులో ఉద్యోగం చేసేది. వాళ్ళమ్మగారు తోడొచ్చారు. కొల్లేట్లో ఒక పడవ మీద అమ్మాయి, ఇంకో పడవ మీద నేనూ, లైటు స్టాండు పట్టుకుని పడవాయనా. "ఇంత ఎండుంది కదండీ, మళ్ళీ ఈ లైటెందుకండీ?" అనడిగాడాయన. అది ఫేషనని చెప్పాను. (సమాధానం తెలియని ప్రశ్నలన్నిటికీ ఆ రోజు నేను అదే చెప్పాను.) నేను గాజు పలకలోకి చూసుకుంటూ ఉండగా గట్టు మీంచి వాళ్ళమ్మగారి మాట వినబడింది. "ఈ అబ్బాయి ఎంత పద్ధతైనవాడో చూడండి, ఆడపిల్ల వైపు తలెత్తి కూడా చూడట్లేదు" అని పడవాయన భార్యతో అంటున్నారు. అంత మాట విన్నాక ఇంక తలెలా ఎత్తుతాను?

అప్పుడే గమనించాను, అమ్మాయి పైట కుడి భుజం మీదుంది. చీరల కొట్టువాళ్ళమ్మాయికి చీర కట్టుకోవడం రాదా అని లోపల నవ్వుకుని, పైట రెండో వైపుకి మార్చుకోమన్నాను.

"ఇది సరిగ్గానే ఉందేమోనండి" అంది ఆ అమ్మాయి నెమ్మదిగా.

"నేను కెమెరాలో చూస్తున్నాను కదండీ" అన్నాను, నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళన్నట్టు.

ఫేషనేమోలే అమ్మా అన్నారు వాళ్ళమ్మగారు. పాపం ఆ పిల్ల పడవాయన ఇంట్లోకెళ్ళి కుచ్చిళ్ళతో సహా అంతా తిరగేసి కట్టుకొచ్చింది. మిగతా రెండు చీరలూ అలాగే కట్టింది. చూడ్డానికొచ్చినవాళ్ళు గట్టు మీద అంతమంది ఉన్నారు, నాకు చెబితే బాగుండదని ఒక్కరూ నోరు మెదపలేదు. మావైపు మర్యాద అలాంటిది.

వారం తర్వాత ఫిల్ము కడిగించి స్కాన్ చేయిస్తే ఫొటోలు కంప్యూటర్లోకొచ్చాయి. మావయ్య కళ్ళజోడు సర్దుకుని, "ఏరా, కుడిపైట వేయించావేంటి?" అన్నాడు. గాజు పలకలో కుడి ఎడమలు తారుమారవుతాయని కొట్టతను చెప్పిన మాట అప్పుడు గుర్తొచ్చింది. ఫిల్మంతా అయిపోయింది, కొట్టు తెరవడానికి నాలుగు రోజులుంది. మావయ్య తిట్టలేదు. మౌసు పట్టుకుని ఒక్క నొక్కు నొక్కాడు. బొమ్మలన్నీ అద్దంలోలా తిరగబడి, పైట ఎడమ భుజం మీదికొచ్చి కూర్చుంది. డిస్కౌంటుగారికి చెప్పొద్దా అన్నాను. అడిగితే చెబుదువుగాని అన్నాడు. నేను చెప్పలేదు. భయం, అంతే.

ఏలూరు కొట్టు ముందు ఫ్లెక్సీ ఎత్తారు. అందరూ బాగుందన్నారు. వాళ్ళమ్మగారు మాత్రం దాన్ని ఎగాదిగా చూసి, "ఎక్కడో తేడాగా ఉందండీ. చీర మాదే గానీ మనిషి మా అమ్మాయిలా లేదు" అన్నారు. డిస్కౌంటుగారు నా వైపు చూశారు, ఫ్లెక్సీ వైపు చూశారు, చివరికి అమ్మాయి వైపు తిరిగి, సరిగ్గా వచ్చిందో లేదో నువ్వే చెప్పమ్మా అన్నారు. కుడిపైటతో మూడు చీరలు కట్టిన మనిషి, ఫ్లెక్సీలో ఎడమ పైట చూస్తోంది. ఆ అమ్మాయి ఒక్క మాటంటే నా పని అయిపోయినట్టే. చాలాసేపు చూసి, "బాగానే వచ్చింది బాబాయ్" అంది.

అందరూ లోపలికెళ్ళాక నా దగ్గరికొచ్చింది.

"తిప్పేశారు కదండీ?"

తలూపాను. క్షమించమని అడగబోయాను.

"ఫొటోల్లో నేనెప్పుడూ ఎవరో పరాయిదానిలా ఉంటానండి. రోజూ పొద్దున్నే అద్దంలో చూసుకునే మొహం మాత్రం ఇదే. అమ్మకి తెలియదు గానీ, నాలా వచ్చిన ఫొటో ఇదొక్కటేనండి" అంది.

మూడు కొట్ల పనీ నాకే వచ్చింది. తర్వాత ప్రిజమ్ కొన్నాను, ఇంకా మంచి కెమెరాలు, లైట్లు చాలానే కొన్నాను. కుడి కుడిగా, ఎడమ ఎడమగా వేల ఫొటోలు తీశాను. అందరూ చాలా బాగున్నాయండీ అంటారు. ఇది అచ్చం నాలా ఉందండీ అని మాత్రం మళ్ళీ ఎవరూ అనలేదు. అప్పుడప్పుడూ కంప్యూటర్ ముందు ఒక్కణ్ణే ఉన్నప్పుడు, ఎవరిదో ఫొటో ఒకటి తిప్పి చూస్తాను. కాసేపు చూసి, నాలో నేను నవ్వుకుని, మళ్ళీ తిన్నగా పెట్టి పంపించేస్తాను.