గాజుతొట్టిలో పెళ్ళిచూపులు

మా అత్తగారు తులసమ్మ బొద్దింకలు పెంచింది. నవ్వుకునేవాళ్ళు ముందే నవ్వేసుకోండి, తర్వాత చెబుతాను.

ఆవిడ ఊరికే కూర్చునే మనిషి కాదు. ఆగిరిపల్లిలో మా మామిడితోట కోతకు వచ్చిందంటే కాయ దింపే దగ్గర ఆవిడ, గడ్డిలో మాగేసే దగ్గర ఆవిడ, బేరం దగ్గరా ఆవిడే. అలాంటి మనిషి ఈ ఏడు కోత మధ్యలో ఆ గడ్డి మీదే జారి కాలు విరగ్గొట్టుకుంది. కట్టు వేయించి వరండాలో మంచం వేశాం. మా ఆయన తోటలో, నేను సచివాలయం ఉద్యోగంలో. పగలంతా ఆవిడకు తోడు ఫ్యాను ఒక్కటే. కొన్నాళ్ళు టీవీని తిట్టింది, అది బదులు చెప్పదు గనక తర్వాత నన్ను తిట్టడం మొదలుపెట్టింది. నాకూ నోరుంది, ఊరుకునేదాన్ని కాదు. కానీ సాయంత్రం గేటు చప్పుడు వినగానే ఆవిడ తల ఎత్తి చూసే చూపుకి నా కోపం నిలిచేది కాదు. "మనిషి మొహం చూసి ఎంతసేపయిందో" అనేది.

ఒకరోజు తోటపని చేసే సవరమ్మ పూలకుండీల్లో వేయడానికి మామిడిచెట్ల కింది ఎండాకులు గంపతో తెచ్చి పోసింది. అందులోంచి పురుగులు కొన్ని బయటికొచ్చాయి. నున్నటి నల్లటి ఒళ్ళు, దాని మీద తెల్లచుక్కలు. చూడముచ్చటగా ఉన్నాయి. అత్తగారు వాటిని ఊడ్చి పారేయనివ్వలేదు. అటక మీద ఊరికే పడి ఉన్న చేపల తొట్టి దింపించి, ఎండాకులు పరిపించి, వాటిని అందులో వేయించి, పైన దోమతెర గుడ్డ కట్టించింది. నేను ఫొటో తీసి ఫోనులో వెతికితే అవి బొద్దింకల్లో ఒక రకమని తేలింది. ఇళ్ళలోకి రావట, ఆకుల కిందే బతుకుతాయట.

"ఎవరికీ చెప్పకు" అంది అత్తగారు.

ఎందుకంటే వాటిని చూడటానికి ఇంటికి మనుషులు రావడం మొదలైంది. మామిడికాయల కమీషన్ కొట్టు శేషగిరిరావు గారి భార్య ఉమక్క మొదట వచ్చింది. ఆరుద్ర కార్తె ప్రవేశించి తొలకరి పడిన రోజులు. ఎర్రటి ఆరుద్ర పురుగు కనిపిస్తే వానలు బాగా పడతాయని మావాళ్ళకి సంబరం. తొట్టిలోకి చూసి ఉమక్క, "ఇదీ వాన పురుగే పిన్నిగారూ. ఆరుద్ర పురుగుకి అక్కగారై ఉంటుంది. మీ గుమ్మంలోకి నడిచొచ్చిందంటే శుభం" అని తేల్చేసింది. ఆ మాట వీధంతా పాకింది. దీపాలు పెట్టే వేళకు మా వరండాలో కుర్చీలు చాలేవి కావు.

ఆ పురుగులు పగలంతా ఆకుల కింద ఒకదానికొకటి ఆనుకొని పడుకునేవి. వెలుగు తగ్గగానే పైకి వచ్చి, ఎదురుపడ్డప్పుడల్లా మీసాలు తాకించి పలకరించుకునేవి. చిన్నరసం టెంక వేస్తే చుట్టూ చేరి పంక్తి భోజనం చేసేవి. వాటిలో పెద్ద ఆడదానికి చుక్కలమ్మ అని పేరు పెట్టారు. దాని వెంట ఒక మగది పడింది. మీసాలతో దాన్ని తడిమి, ముందుకొచ్చి వెనక్కి తిరిగి, రెక్కలు పైకెత్తి నిలబడేది. ఇష్టమైతే ఆడది దాని వీపు మీదకు ఎక్కాలి. చుక్కలమ్మ ఓ చూపు చూసి ఆకు కిందికి పోయేది.

"పిల్లకి పొగరు" అనేది ఉమక్క.

"పొగరేంటండీ, నచ్చలేదు. వేరేవాణ్ణి చూడండి" అనేది సవరమ్మ.

"ఎవర్నీ చూడక్కర్లేదు, వీడికున్న ఓపిక ఎవడికుంది" అంటూ అత్తగారు మగపెళ్ళివారి తరఫున గొడవకి దిగేది. కట్టుకాలు బల్ల మీద చాపుకొని ఆవిడ అంత నవ్వు నవ్వడం నేను ఈ ఇంటికొచ్చాక చూడలేదు. చెప్పొద్దూ, నాకూ ఆఫీసులో సాయంత్రం ఎప్పుడవుతుందా అని ఉండేది.

ఆవిడకు భయమల్లా ఒకటే. ఇవి బొద్దింకలని తెలిస్తే ఈ కుర్చీలన్నీ ఖాళీ అయిపోతాయి. అందులోనూ ఉమక్క వంటింట్లో బొద్దింక కనబడిందని పొయ్యి మీద పాలు వదిలేసి వీధిలోకి పరిగెత్తిన మనిషి.

ఒక శుక్రవారం ఉమక్క పళ్ళెంలో పసుపు, కుంకుమ, కర్పూరం పట్టుకొచ్చింది. తొట్టికి బొట్టు పెట్టింది. కర్పూరం వెలిగించబోయింది. నేను అత్తగారి వైపు చూశాను. ఊరుకుంటే సరిపోయేది.

"ఉమా, ఆగమ్మా" అంది ఆవిడ. "దేవుడికిచ్చే హారతి వీటికివ్వకు. ఇవి బొద్దింకలు. నాకు మొదట్నుంచీ తెలుసు. తెలిస్తే మీరెవరూ రారని చెప్పలేదు."

ఉమక్క చేతిలో అగ్గిపెట్టె జారిపోయింది. పళ్ళెం తీసుకొని వెళ్ళిపోయింది. మిగతావాళ్ళు ఇంట్లో పని గుర్తొచ్చినట్టు ఒక్కొక్కళ్ళే లేచారు. సవరమ్మ కూడా ఆగలేదు.

మర్నాడు కుర్చీలు తుడిచి వేశాను గానీ ఎవరూ రాలేదు. ఇద్దరమే కూర్చున్నాం. మగది వచ్చింది, పలకరించింది, తిరిగి రెక్కలు ఎత్తింది. చుక్కలమ్మ ఈసారి పోలేదు. దగ్గరకొచ్చి మెల్లగా వీపు మీదకు ఎక్కింది. ఆ తర్వాత రెండూ వెనకవైపులు ఆనించుకొని, చెరో దిక్కుకీ మొహం పెట్టి కదలకుండా ఉండిపోయాయి.

"ఒప్పుకుందే అమ్మాయ్" అని అత్తగారు నా చెయ్యి పట్టుకుంది. సంతోషం పట్టలేక అటూ ఇటూ చూసింది. చెప్పుకోవడానికి నేను తప్ప ఎవరూ లేరు. ఆవిడ కళ్ళు తుడుచుకుంటే నాకూ ఏడుపొచ్చింది.

ఆ మర్నాడు సాయంత్రం గేటు చప్పుడైంది. ఉమక్క, వెనక సవరమ్మ, ఆ వెనక వీధిలోవాళ్ళు.

"పొద్దున మా వంటింట్లో ఒకటి కనబడింది పిన్నిగారూ" అంది ఉమక్క గుమ్మంలోనే నిలబడి. "చెప్పు ఎత్తాను. అది మీసాలు ఊపుతోంది. పాపం ఎవర్ని పిలుస్తోందో అనిపించి ఆగాను."

"వదిలేశావా?"

"లేదండీ, కొట్టేశాను. మా వంటిల్లు కదా."

సవరమ్మ ఫక్కున నవ్వింది. ఉమక్క కుర్చీని తొట్టికి బాగా దూరంగా లాక్కొని, చీర కుచ్చిళ్ళు పైకి సర్దుకొని కూర్చుంది. కాసేపు బిగదీసుకొని ఉండి, ఆగలేక మెడ సాచింది.

"ఇంతకీ ఆ పిల్ల ఒప్పుకుందా?"

నేను నోరు తెరిచాను. అత్తగారు నా చెయ్యి గట్టిగా నొక్కింది.

"ఇంకా లేదమ్మా" అంది. "ఇవాళో రేపో. రోజూ వచ్చి చూస్తూ ఉండాలి."