తిరిగి చెప్పని మాట

సుశీలా, మన బడి గ్రూపులో నిన్న నువ్వు రాసింది తప్పు. మా బాపు గొప్ప ఉపన్యాసకుడు కాదు. వారమంతా కాలేజీలో మాట్లాడే పద్ధతి బోధించి, ఆదివారం చర్చిలో పాస్టరుగా నిలబడినా, ఆయన నేర్పింది వినడమే.

ఈ పొద్దున మనవరాలి ఆన్‌లైన్ క్లాసులో టీచరు "వినబడుతోందా?" అని నాలుగుసార్లు అడిగినా ఒక్కరూ పలకలేదు. క్లాసయ్యాక బాపు చొక్కా మీద ఉండే సుద్దపొడి వాసన ఒక్కసారి గుప్పుమన్నట్టయింది నాకు.

మా ఇంట్లో ఎదుటివాళ్ల మాట తిరిగి చెప్పాకే జవాబివ్వాలి, గుర్తుందా? నువ్వు ఉప్పుకొస్తే, "ఏమడిగిందే సుశీల?" అనేవాడు.

"ఉప్పు అడిగింది బాపూ."

"ఇగ ఇయ్యి!"

అప్పటికి మీ కూర మాడేది.

కల్హేర్‌లో వారం వారం జరిగే అంగడికి తీసుకుపోలేదని నేను అలిగిన రోజే ఆయనకు ఛాతీలో నొప్పి వచ్చింది. దవాఖానకు పోతూ జీపులోంచి, "జల్దొస్త బిడ్డా. ఏమన్న నేను?" అని అడిగాడు. విన్నాను. పలకలేదు. జీపు కదిలేదాకా నా నోటివైపే చూశాడు. మళ్లీ రాలేదు.

నువ్వింకా మన ఊళ్లో, ఖేడ్‌లోనే ఉన్నావు కనుక శనివారం ఆయన సమాధి మీది పిచ్చిమొక్కలు పీకించు. సున్నం మాత్రం వేయించకు, అక్షరాలు పూడిపోతాయి. తడిబట్టతో తుడిస్తే చాలు.