కుక్కబొమ్మకు బ్రేకు పరీక్ష

మంగళవారం పదకొండింటికి కుక్కల సామాన్లమ్మే కొట్టు తలుపు పిడి ఊడి బ్రేకులాయన చేతికొచ్చింది. ఆ పిడికి కట్టి లాగిన తాడుబొమ్మ మాత్రం తెగలేదు.

"పాస్!" అన్నాడాయన తృప్తిగా.

"తలుపు ఊడిందండీ!" అన్నాడు కొట్టాయన.

"అది మీరు చూసుకోవాలి."

ఆయనకున్నది ఈ ఒక్క జబ్బే. ముప్ఫయ్యేళ్ళు బస్సు డిపోలో బ్రేకులు పరీక్షించి రిటైరయ్యాడు గానీ, ఆ పరీక్షించే బుద్ధి రిటైరవలేదు. కుక్కబొమ్మ ఏదైనా సరే, ముందు తను కొరికి, లాగి, నీళ్ళలో ముంచి, మడమతో తొక్కితే గాని కుక్క నోటిదాకా పోనివ్వడు. బంతి గొంతులోకి జారేంత చిన్నదైతే ఫెయిల్. కుట్లు వదులైతే ఫెయిల్. ఓసారి రబ్బరు ఎముక కొరికి పన్ను విరగ్గొట్టుకున్నాడు.

"ఏం తిన్నారు?" అన్నాడు పళ్ళ డాక్టరు.

"ఎముక."

"సరిగా ఉడకలేదా?"

"ఉడికించేది కాదండీ. గట్టిదనం ఎక్కువ, ఫెయిల్ చేశాను."

ఇదంతా ఆయన భార్య ప్రాణానికొచ్చింది. గేదెదూడంత ఉంటాడు వాళ్ళ కుక్క బండోడు. ఆడుకోవడానికి బొమ్మ లేక హాల్లోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి హాల్లోకి పొద్దస్తమానం పరుగులే. వాడి వెనకాల ఈయన, ఈయన వెనకాల ఆవిడ. కింద వాటాలో ఓనరమ్మ నెత్తిన దడదడ. ఆవిడ ఆదివారమే తేల్చి చెప్పేసింది: "ఇంకొక్కసారి ఆ చప్పుడైందంటే కుక్కనన్నా పంపండి, మీరన్నా ఖాళీ చెయ్యండి, అన్నయ్యగారూ."

బుధవారం భార్య నిలదీసింది. "ఆ తాడేదో పాసైందన్నారుగా, ఏదీ?"

"ఉంది."

"ఎక్కడ?"

"ఉన్నచోటే ఉంది," అంటూ ఆయన వీధిలోకి జారుకున్నాడు.

గురువారం బండోడు పరుగు తీస్తూ నీళ్ళబిందె దొర్లించాడు. బిందె చప్పుడు ఆగకముందే ఓనరమ్మ మెట్లెక్కి వచ్చేసింది.

"అంత కుక్కకి ఒక్క బొమ్మ కొనలేరా మీరు?"

భార్యకి ఒళ్ళు మండింది. మంచం కింది ట్రంకుపెట్టె ఈడ్చుకొచ్చి మూత ఎత్తేసింది. "కొనకేం వదినగారూ! ఇవిగో, అన్నీ ఈయన ఫెయిల్ చేసినవే!"

తీరా చూస్తే అందులో ఒక్క కొత్త బొమ్మా లేదు. అన్నీ ఎవరి కుక్కలో నమిలినవే.

ఓనరమ్మ వంగి పసుపుపచ్చ బాతుని అందుకుంది. "ఇది మా కుక్కపిల్ల బుజ్జిదాని బాతు! నిన్నటినుంచీ కనపడటంలేదు. దాని చోట ఎవరిదో తాడుంటేనూ..."

"ఈ కుందేలు దర్జీ వాళ్ళ కుక్కది కదూ!" అంది భార్య. "ఈ బంతి పాలావిడ కుక్కది!"

బ్రేకులాయన చొక్కా జేబులోంచి ఓ నల్లగుండీ తీశాడు. "బాతు కన్ను చెల్లెమ్మా. మీదాని నోట్లోంచి లాగాను, ఇంకో క్షణమైతే మింగేసేదే. చెబితే మీరు హడలిపోతారని తాడు పెట్టి బాతుని తెచ్చేశా. తక్కినవీ అంతే."

"అంటే పాసైనవన్నీ వీధికీ, మనవాడికి గుండుసున్నానా?" అంది భార్య.

"వాటికి పరీక్ష చేసేవాళ్ళెవరున్నారే? మనవాడితో పరిగెత్తడానికి నేనున్నానుగా."

ఓనరమ్మ ఆ గుండీని అరచేతిలో అటూ ఇటూ దొర్లించింది. "ఎవరూ ఎక్కడికీ పోనక్కర్లేదు. రేపు మీవాడికి బొమ్మ నేను తెస్తా. మీరు మాత్రం నాతో రావద్దన్నయ్యగారూ, ఆ కొట్టాయన మావాళ్ళకి తెలిసినవాడే, తలుపు సంగతి విన్నాను."

ఇల్లు చడీచప్పుడు లేకుండా ఉందని అప్పుడు తట్టింది ముగ్గురికీ. చూద్దురు గదా, గుమ్మంలో బండోడు కాళ్ళు చాపుకుని, ఓనరమ్మ విడిచిన చెప్పుని తీరిగ్గా నములుతున్నాడు.

"అయ్యయ్యో, నా చెప్పు! చూశారా మీవాడి పని!"

బ్రేకులాయన ఆ చెప్పు లాక్కుని, తిరగేసి, బొటనవేలితో అడుగు రాసి చూశాడు.

"అడుగు నున్నగా అరిగిపోయింది చెల్లెమ్మా, తడిమెట్ల మీద మీరు జారతారని వాడి భయం."